గాలిగోపురముల నీడలో

గోదావరి యొడ్డునున్న మా పట్టణములో మా తండ్రిగారి తరమువారు చందాలు వేసికొని కట్టించిన గ్రంథాలయ భవన మొకటి కలదు. రెండడుగుల మందపు గోడలు, నిలువెత్తు కిటికీలు, వాని పైభాగమున వేడిగాలి వెడలిపోవుటకై విడిచిన వెంటిలేటర్లు, టేకు దూలములపై ఇటుకలు పేర్చి సున్నము దట్టించిన మద్రాసు మిద్దె, మూడు వైపుల వసారా, ఇది దాని స్వరూపము. ఏడేండ్ల క్రితము మేము, అనగా దాని నిర్వహణ సంఘమువారము, పాఠకులకు సుఖము కలిగింపవలెనను సదుద్దేశముతోనే ఆ కిటికీలకు అద్దములు బిగించి, వెంటిలేటర్లను పలకలతో మూయించి, మిద్దె క్రింద ఫాల్స్ సీలింగు వేయించి, ఆరు ఏసీ యంత్రముల నమర్చితిమి. నాటినుండి కరెంటు బిల్లు ఏటేట పెరుగుచు వచ్చి, తుదకు వేసవి మాసములలో పుస్తకములు కొనుటకు కేటాయించిన సొమ్మును సైతము మ్రింగివేయసాగెను. చెక్కులపై సంతకము చేయు బాధ్యత నాది గనుక, ఆ బిల్లు చేతికి వచ్చినప్పుడెల్ల, ఏయే పుస్తకములు ఆ నెల మా బీరువాలకు రాకుండ పోయినవో నాకు కన్నులకు కట్టినట్లుండెడిది.

నా మేనల్లుడు హైదరాబాదులో ఎనర్జీ ఆడిటరు. కార్యాలయములకును, ఆసుపత్రులకును, కర్మాగారములకును పోయి, విద్యుత్తు ఎచ్చట ఎంత ఖర్చగుచున్నదో, అందులో వృథా ఎంతయో కొలిచి చెప్పుట అతని వృత్తి. నేను మా బిల్లు సంగతి వ్రాయగా, “మావయ్యా, కాగితం మీద చెబితే మీకు తృప్తిగా ఉండదు. ఎండలు మండుతున్నప్పుడే ఓ నాలుగు రోజులు ఇక్కడికి రండి. కొన్ని కట్టడాలు చూపిస్తాను” అని బదులు వ్రాసెను.

మే నెల రెండవ వారమున ఒక రాత్రి రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితిని. స్లీపరు పెట్టెలో కిటికీ ప్రక్కనే చోటు దొరకినది. రైలు గోదావరి వంతెన దాటుచుండగా నీటిపైనుండి వచ్చిన గాలి ముఖమునకు హాయిగనే తగిలినను ఒంటి చెమట మాత్రము ఆరలేదు. బెజవాడ దాటువరకు చొక్కా వీపునకు అంటుకొనియే యుండెను. తెల్లవారుజామున కాజీపేట దాటిన పిదప మెలకువ వచ్చి చూచుకొనగా, గాలి వేడి యేమియు తగ్గకున్నను, చొక్కా గంజి పెట్టినట్లు పెళపెళలాడుచుండెను. పెదవులు ఎండిపోయి యుండెను. ఆ చిన్న సంగతిని అప్పుడు గమనించి విడిచితిని గాని, నా యాత్రలో నేర్చుకొనవలసిన మొదటి పాఠము అదియే యని ఆ మధ్యాహ్నమునకు గాని తెలియలేదు.

మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో ఇప్పుడు లేచిన సౌధములను చూచినవారికి ఈ నేల యొకప్పుడు గుండ్రాళ్ల గుట్టలతో నిండియుండెడిదని నమ్మశక్యము కాదు. ఆపాదమస్తకము అద్దములు తొడిగికొని ఆ మేడలు ఉదయపు టెండలో తళతళలాడుచుండెను. సూర్యకిరణము అద్దముగుండ సులువుగా లోనికి చొచ్చి నేలను, బల్లలను, కుర్చీలను వేడిచేయును; ఆ వేడిమి తిరిగి వెలువడు రూపము వేరగుటచేత అద్దము దానిని వెలుపలికి పోనీయదు. అందుచేత పగలంతయు యంత్రములు ఆ వేడిని తోడి బయట పోయుచుండవలెను. “ఎండని లోపలికి తెచ్చుకోవటానికి ఒకసారి ఖర్చుపెడతారు మావయ్యా. దాన్ని బయటికి పంపటానికి నెలనెలా ఖర్చుపెడతారు” అని మేనల్లుడు కారు నడుపుచు చెప్పినప్పుడు, నాకు మా గ్రంథాలయపు పడమటి కిటికీలు జ్ఞప్తికి వచ్చి మాటాడలేకపోతిని.

మేము మొదట పోయినది కొత్తగూడ దాపుననున్న సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరునకు. ప్రకృతి సంరక్షణకై పాటుపడి 2000లో కన్నుమూసిన పారిశ్రామికుడు సొరాబ్జీ గోద్రెజ్ పేరిట, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, భారత పరిశ్రమల సమాఖ్య, గోద్రెజ్ వారి ధర్మసంస్థ కలసి, అమెరికా ప్రభుత్వపు యూఎస్ ఎయిడ్ తోడ్పాటుతో దీనిని నిర్మించినవి. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించిరి. అమెరికా హరిత భవన మండలివారి లీడ్ పరీక్షలో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణిని ఆ దేశమునకు వెలుపల మొట్టమొదట పొందిన భవనమిదియే. శిల్పి వడోదర నగరవాసి కరణ్ గ్రోవర్. వైశాల్యము 20 వేల చదరపు టడుగులు మాత్రమే. చుట్టునున్న మేడలలో ఒక్కొక్క అంతస్తే అంతకు మించియుండునేమో.

కీర్తిని విని మహాసౌధము నూహించుకొని పోయిన నాకు, చెట్ల నడుమ ఒదిగి కూర్చున్న ఆ కట్టడమును చూడగనే పరిచితమైన యింటికి వచ్చినట్లు తోచెను. కారణము లోనికి పోయిన పిదప తెలిసినది. నడుమ వర్తులాకారమున ఆకాశమునకు విప్పారిన ముంగిలి, దాని చుట్టును గదులు, గదులకును ముంగిలికిని నడుమ నీడపట్టున నడవ: ఇది కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా లోగిలియే గదా! ఆ యింట వానధార పడు చోట తులసికోట యుండెడిది, ఇచట మొక్కలున్నవి, భేద మంతమాత్రమే. ఎండ నేరుగా తగులు చోట్ల చిల్లుల జాలీ గోడలు నిలిపిరి. వానిగుండ వెలుతురు ముక్కలు ముక్కలై, వేడి వెలుపలనే విడిచి, లోనికి వచ్చుచుండెను. మధ్యాహ్నము పన్నెండున్నరకు ఒక గదిలో కూర్చుండి, దీపము వేయకుండ, నా జేబులోని రైలు టిక్కెట్టుపై చీమతలకాయలంతేసి అక్షరములను చదివి చూచితిని. కన్నులకు శ్రమ కలుగలేదు.

మన ఆలయ ద్వారమున నుండు గోపురమును మనవారు గాలిగోపురమందురు. ఆ పేరు అక్షరాల సార్థకమైన గోపురములు రెండు ఈ భవనమునకు కలవు. అవి లోపల బోలుగా నుండు ఎత్తైన కట్టడములు. వాని లోగోడలను నీటితో తడుపుచుందురు. పైనుండి చొరబడిన వడగాలి తడిసిన గోడల నొరసికొనుచు దిగునప్పుడు ఆ నీటిని ఆవిరిచేయును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు పట్టు వేడి సుమారు మూడింట రెండువంతుల యూనిట్ విద్యుత్తుతో సమానము. ఆ వేడి అంతయు గాలినుండియే పోవుటచేత, గాలి ఏడెనిమిది డిగ్రీలు చల్లబడి అడుగునకు చేరును. దానిని అప్పుడు ఏసీ యంత్రమున కందింతురు. నలుబది డిగ్రీల గాలితో పెనగులాడవలసిన యంత్రమునకు, సగము పని ముందే యైపోయిన గాలి లభించును. నేను గోపురపు టడుగుననున్న గవాక్షమున చేయి పెట్టితిని. తడిసిన వట్టివేళ్ల తడికె వెనుకనుండి వచ్చునట్టి, మట్టివాసన కలిసిన చల్లని గాలి మోచేతివరకు ప్రాకెను.

“మరి మనకూ ఇలాంటిదొకటి కట్టిద్దామా?” అని నేను ఉత్సాహముతో అడుగగా, మేనల్లుడు తల అడ్డముగా నూపెను. “ఇక్కడి గాలికి దాహం ఎక్కువ మావయ్యా, నీళ్లు చూపిస్తే తాగేస్తుంది. మన గోదావరి గాలి అప్పటికే కడుపునిండా తాగి వస్తుంది. దానికి ఎన్ని నీళ్లు పోసినా ఉక్కపోతే పెరుగుతుంది గానీ చల్లదనం రాదు.” వేకువను కాజీపేట వద్ద ఆరిన చొక్కాకు అర్థము అప్పుడు బోధపడినది. ఒకచోట ప్రసిద్ధికెక్కిన ఉపాయమును మరియొకచోటికి మోసికొనిపోయి నిలుపుటయే మేము ఏడేండ్ల క్రితము చేసిన తప్పు. ఇప్పుడు గాలిగోపురము కట్టించినచో అదే తప్పు రెండవమారు చేసినవార మగుదుము. మా సీమకు కావలసినది నీడయు, ఎదురుబొదురు కిటికీల నడుమ పారు గాలియు. అవి రెండును మా పెద్దలు కట్టియే యిచ్చిరి. మేము మూయించితిమి.

మిద్దెపైకి పోతిమి. కప్పులో సగమునకు పైగా గడ్డియు మొక్కలును పెంచియున్నారు. తక్కిన భాగమున సుమారు 24 కిలోవాట్ల సౌర ఫలకములు పరచియున్నవి. అచట నీరు పెట్టుచున్న తోటమాలి, నేను చెప్పులు విడిచి గడ్డిలో నిలుచుట చూచి, “గడ్డి మీద నిల్సుండున్రి సార్, కాళ్లు కాలయి. అటు బండ మీద అడుగు పెట్టి సూడున్రి” అనెను. రెండడుగులు వేసి, బండ తగులగనే వెనుకకు గెంతితిని. ఆ రెండడుగుల దూరమున నున్న భేదమే క్రింది గదులలోని ఏసీ యంత్రములకు బరువో తేలికయో యగుచున్నది. భవనములో వాడిన నీటిని వ్రేళ్లు దట్టమైన రెల్లుజాతి మొక్కల మడులగుండ పారించి శుద్ధిచేసి, తోటకే మరల వాడుదురు. ఈ విధములన్నియు కలసి, సామాన్యమైన భవనమునకు కావలసిన విద్యుత్తులో సగమునకు పైగా ఇచట మిగులుచున్నది.

సాయంకాలము గోలకొండ ఎక్కితిమి. పెక్కుమారులు చూచిన కోటయే. కాని ఆనాడు చప్పట్ల చప్పుడు వినుటకు గాక గాలికై ఎక్కితిని. బాలాహిస్సారుపై బారాదరి కమానులగుండ నలువైపుల నుండి గాలి వీచుచుండగా, ఇంత వడగాడ్పుల నేలపై పంకా లేక సుల్తానులు కొలువెట్లు తీర్చిరను ప్రశ్నకు ప్రత్యుత్తరము చెవుల దగ్గర హోరుమనుచుండెను. కుతుబ్‌షాహీల మూలపురుషుడైన సుల్తాన్ కులీ పారశీక దేశపు హమదానునుండి వచ్చినవాడు. ఆ దేశమందలి యజ్ద్ మొదలగు ఎడారి పట్టణములలో ఇండ్లపై బాద్‌గీర్ అను గాలి పట్టు గోపురములను శతాబ్దములనుండి కట్టుచున్నారు. కొత్తగూడలో నేను చేయి పెట్టి చూచిన గోపురములు ఆ వంశపు బిడ్డలే. కొండపైనుండి క్రిందికి చూడగా నగరపు డాబాలలో అచ్చటచ్చట తెల్లగా సున్నము పూసినవి కనబడెను. ఎండను వెనుకకు త్రిప్పు తెల్లని కప్పులను 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర సాధింపవలెనని తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో ఒక విధానమును ప్రకటించినది. ఏటేట ఉగాదికి ముందు డాబాకు సున్నము కొట్టించెడి మా తాతగారికి ఈ వార్త యెంత ముచ్చట గొలిపియుండెడిదో!

మరునాటి రాత్రి మేనల్లుడు నన్ను తన పనికి తోడుగా తీసికొనిపోయెను. అది తొమ్మిది అంతస్తుల కార్యాలయము. దాని పేరు చెప్పుట నాకు ధర్మము కాదు. పగలు మూడువేల మంది పనిచేయుదురట. మేము పోవునప్పటికి రాత్రి పదకొండు దాటినది. కాపలావారు తప్ప నరసంచారము లేదు. భవనము నిద్రించునప్పుడు ఎంత తినుచున్నదో చూచినగాని దాని నిజమైన ఆకలి తెలియదని, ఆడిటరు లందరును మొదట రాత్రి మీటరు చూతురట. మీటరు ముందు అతడు గడియారము పట్టుకొని నిలుచుండెను. పావుగంటలో తిరిగిన యూనిట్లను వ్రాసికొని, గంటకు లెక్కగట్టి నాకు చూపినప్పుడు, మా గ్రంథాలయము వేసవిలో వారము దినములు నడచునంత విద్యుత్తు ఆ ఖాళీ భవనమున ఒక్క గంటలో పోవుచున్నదని తెలిసి నిశ్చేష్టుడ నైతిని.

పిమ్మట అతడు సంచిలోనుండి ఒక అగరువత్తి తీసి వెలిగించెను. క్లాంపు మీటరు, లక్స్ మీటరు మొదలైన పరికరముల నడుమ ఆ అగరువత్తిని చూచి నేను విస్తుపోతిని. దానిని కిటికీ చట్రము నానుకొని నెమ్మదిగా జరుపుచుండగా, నిలువుగా లేచుచున్న పొగ ఒకచోట వంగి, సన్నని దారమువలె సాగి, చట్రపు మూలలోనికి చొచ్చి మాయమయ్యెను. అచట నున్న సందు గోటి మందమైనను లేదు. అట్టివి ఆ ఒక్క అంతస్తులో నలుబది మూడు చోట్ల సుద్దతో గీత గీచితిమి. ఒక బల్లపై మడచిపెట్టిన ఉన్ని శాలువ యుండెను. రోహిణి కార్తె ముంగిట హైదరాబాదులో ఉన్ని శాలువ ఎందుకని గోడవైపు చూతునుగదా, థర్మోస్టాటుపై 18 అని యుండెను. దేశములో అమ్ము గది ఏసీలు మొదటనే 24 డిగ్రీల వద్ద నుండునట్లు రావలెనని 2020 జనవరి 1 నుండి నిబంధన కలదు. ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు ఆరు శాతము విద్యుత్తు మిగులునని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీవారు చెప్పుచున్నారు. ఆ శాలువ యజమానురాలికి చలియు తప్పును, సంస్థకు సొమ్మును మిగులును. ఇరువురిలో ఒకరికైనను నష్టము లేని ఈ పని ఎవరును చేయలేదు. ఏలయనగా, ఆ మీట త్రిప్పు అధికారము ఎవరిదో ఆ కార్యాలయమున ఎవరికిని తెలియదు.

యంత్రముల గదిలో అతడు చెప్పిన మాట యొకటి నన్ను వదలుట లేదు. పంకా వేగమును పదింట రెండు వంతులు తగ్గించినచో, అది తాగు విద్యుత్తు పదింట రెండు వంతులు గాదు, దాదాపు సగము తగ్గునట. శక్తి వేగముయొక్క ఘనమును బట్టి మారుటచేత ఇట్లగును. నూటికి ఎనుబది వేగమున నడచు పంకా నూటికి ఏబదియొకటి మాత్రమే తినును. రాత్రివేళ లోపల ఎవరును లేనప్పుడు సైతము ఆ పెద్ద పంకాలు పూర్తి వేగమున తిరుగుచుండెను. వేగము తగ్గించు డ్రైవులు బిగించియే యున్నవి. వానిని ఎవరో ఎన్నడో చేతి మీటకు మార్చి మరచిరి.

మేము వెడలివచ్చుచుండగా గేటు కడ ముసలి కాపలావాడు స్టూలుపై కూర్చుండియుండెను. మేనల్లుడు అతని ప్రక్కనే చతికిలబడి, “పెద్దాయనా, రాత్రంతా ఏయే అంతస్తుల్లో లైట్లు ఉంటాయి?” అని అడుగగా, అతడు వ్రేళ్లు మడచుచు చెప్పసాగెను. “మూడోది బందైతది. ఐదోదాన్ల కాన్ఫరెన్సు రూము ఏసీ ఐతారం గూడ నడుస్తది. ఏడోదాన్ల పంకలు తెల్లార్లు తిరుగుతనే ఉంటయి సార్. పదకొండేండ్లాయె నేనీడొచ్చి, గిది ఎవ్వరు అడగలె.” మా రాత్రి శ్రమతో కనుగొన్న దానిలో ముప్పాతిక వంతు ఆ ముదుసలికి ముందే తెలియును. 2001 నాటి ఇంధన పొదుపు చట్టము, విద్యుత్తును అత్యధికముగా వాడు సంస్థలు ఎనర్జీ మేనేజరును నియమింపవలెనని శాసించినది. మంచి శాసనమే. కాని ఆ మేనేజరు ఎంత చదివినవాడైనను, ఈ స్టూలు ప్రక్కన ఒక రాత్రి కూర్చుండనిచో అతని నివేదికకు ప్రాణము రాదని నాకు గట్టిగా తోచుచున్నది.

తిరుగు ప్రయాణమునకు ముందు, వరంగల్ త్రోవలో పోచారము కడనున్న ఇన్ఫోసిస్ ప్రాంగణమును వెలుపలనుండియే చూచితిమి. 2011లో వారచట ఒకే భవనమును రెండు సమభాగములుగా కట్టి, ఒక సగమునకు వాడుకలోనున్న రీతిని చల్లని గాలి పంపుటయు, రెండవ సగమునకు కప్పు కాంక్రీటులో పాతిన గొట్టములగుండ చల్లని నీరు పారించుటయు ఏర్పరచిరి. ఒకే ఎండ, ఒకే నీడ, ఒకే తీరు ఉద్యోగులు. నీరు పారిన సగమునకు 34 శాతము విద్యుత్తు తక్కువ పట్టినది. ఒక ఘనపు మీటరు నీరు అంతే పరిమాణపు గాలికంటె సుమారు 3,500 రెట్లు వేడిని మోయగలదు గనుక ఈ ఫలితము వింత గాదు. వింత యేమనగా, వాదములతో తేలని సంగతిని కవలల వంటి రెండు సగములను నిలబెట్టి తేల్చుట. అన్ని సంస్థలకును ఇట్టి ప్రయోగమునకు తాహతు లేదు. రెండు గదులున్న ప్రతివారికిని ఒక గదిలో మార్చి, మరియొక గదిలో మార్చక, నెలరోజులు మీటరు చూచుటకు తాహతు కలదు.

ఇల్లు చేరిన నాటి రాత్రియే గ్రంథాలయమునకు పోయి, తొమ్మిదింటికి తాళము వేసిన పిదప మీటరు అంకెలను చేతిరుమాలు మూలపై కలముతో వ్రాసికొంటిని. కాగితము తీసికొనిపోవుట మరచితిని. ఉదయము ఆరింటికి చూడగా పదకొండు యూనిట్లు తిరిగియుండెను. తాళము వేసిన భవనము, ఒక్క రాత్రి. ఈ లెక్కన ఏడాదికి నాలుగువేల పైచిలుకు. అటెండరును వెంటబెట్టుకొని వెదకగా, కంప్యూటరు గదిలో ఏసీయు, ఎవరును త్రాగని వేళ సైతము నీటిని చల్లబరచు కూలరును, వెనుక వసారాలో చోకు గుయ్యిమను రెండు పాత ట్యూబులైట్లును బయటపడినవి. “ఆ ఏసీ ఆపకూడదనుకున్నానండి, మిషన్లు పాడైపోతాయేమోనని” అని అతడు బెదురుచు చెప్పెను. తప్పు అతనిది కాదు. ఏడేండ్లలో మేమెవ్వరమును అతనికి ఆ సంగతి చెప్పలేదు, అతనిని అడుగను లేదు.

తరువాతి ఆదివారము వడ్రంగిని పిలిపించితిమి. దక్షిణపు వసారావైపు కిటికీ అద్దములు రెండు విప్పించి, ఫాల్స్ సీలింగు పలకలు నాలుగు దింపించి, పైనున్న వెంటిలేటరు మూత ఊడదీయించితిని. ఏడేండ్ల దుమ్ము, ఎండిన పిచ్చుకగూడు ఒకటి, దానితోపాటు నేలపై పడినవి. దుమ్ము అణగిన పిదప అటెండరు పూజగూటినుండి ఒక అగరువత్తి తెచ్చి యిచ్చెను. కిటికీ కడ నిలిచి వెలిగించితిని. పొగ క్షణకాలము తటపటాయించి, గది నడుమకు తేలి, మద్రాసు మిద్దె దూలముల వరకు ఎగబ్రాకి, వెంటిలేటరుగుండ వెలుపలి వేపచెట్టువైపు సాగిపోయెను.